పసిఫిక్ మధ్యలో కుడికి తిరగండి

న్యూజీలాండ్‌లో దిగిన తెలుగువాడు సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా అయ్యాక చేసే మూడో పని, జపాన్ నుంచి వచ్చిన పాత కారు కొనడం. జపాన్‌లోనూ ఇక్కడా బండ్లు ఎడమ పక్కనే నడుస్తాయి, స్టీరింగు కుడి వైపే ఉంటుంది. ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలు 1998లోనే మూతపడ్డాయి. అందుకని ఆక్వాలు, ఫిట్‌లు, డెమియోలు ఓడల కొద్దీ ఆక్లండ్ రేవులో దిగుతుంటాయి. ఇంజను సంగతి మెకానిక్కు చూసుకుంటాడు. డాష్‌బోర్డు నడుమ కూర్చున్న నావిగేషన్ సంగతి పట్టించుకునే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ సూచనలు. తు.చ. తప్పక పాటించండి.

1. కొనేముందు
తెర వెలుగుతోందా అన్నది ఒక్కటే చూడండి. నావిగేషన్, టీవీ, డీవీడీ, బ్లూటూత్ అన్నీ ఉన్నాయని అమ్మేవాడు అంటాడు. నమ్మండి, నిజంగానే అన్నీ ఉన్నాయి. పనిచేస్తాయా అని అడిగి మంచి బేరం చెడగొట్టుకోకండి. జపాన్ టీవీ ప్రసారాల పద్ధతి వేరు, న్యూజీలాండ్ పద్ధతి వేరు కనుక టీవీ జన్మలో రాదు. డ్రైవింగు మీద మనసు నిలవడానికి ఇదీ ఒకందుకు మంచిదే.

2. కార్డు తీసి చూడండి
తెర పక్కనో వెనకో చిన్న సందులో ఒక ఎస్‌డీ కార్డు ఉంటుంది. దాన్ని తీసి, ఉన్నదంతా చెరిపేసి, ఘంటసాల పాటలు ఎక్కించండి. జపాన్ పటం మీకెందుకు? చాలా యూనిట్లలో పటంతోపాటు యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేరు కూడా ఆ కార్డులోనే ఉంటుందన్న సంగతి ఆ తర్వాత తెలుస్తుంది. అప్పటినుంచి తెర మీద జపనీస్‌లో ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది: మ్యాప్ కార్డు పెట్టండి. పాటలు లేవు, రేడియో లేదు, బ్లూటూత్ లేదు. పక్క కారులోంచి కార్డు అరువు తెచ్చి పెట్టినా ఒప్పుకోదు. ఏ యూనిట్‌కు ఆ కార్డే కావాలి. పాతివ్రత్యం అంటే అదీ.

3. మెనూ చదవడం
మెనూ అంతా జపనీస్‌లోనే ఉంటుంది. భాష మార్చే బటను కోసం వెతికి ఆయాసపడకండి, చాలావాటిలో అది లేదు. ఫోను తీసి, అనువాదం చేసే కెమెరాను తెర మీద పెట్టండి. అక్షరాలు వణుకుతూ, మారుతూ చివరికి ‘ప్రస్తుత స్థానం’, ‘గమ్యం’, ‘అమరికలు’ అని నిలబడతాయి. అదే ఫోనులో ఆక్లండ్ పటం మొత్తం ఉంది కదా అన్న ఆలోచన ఈ దశలో వస్తుంది. రానివ్వకండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఈ అనువాదం బండి ఆపాకే. నడుపుతూ ఫోను చేత పట్టుకుంటే 150 డాలర్ల జరిమానా, లైసెన్సు మీద 20 డీమెరిట్ పాయింట్లు.

4. మీరెక్కడున్నారు?
జీపీఎస్ ఉపగ్రహాలకు దేశభేదం లేదు. మీ యూనిట్ వాటిని చక్కగా అందుకుంటుంది, అక్షాంశ రేఖాంశాలు కూడా లెక్కగడుతుంది. ఆ లెక్క ప్రకారం తన పటంలో చూసుకుంటే అక్కడ నేల ఉండదు. అందుకే బాణం గుర్తు ఖాళీ నీలంలో నిలబడుతుంది. మీరు ఆక్లండ్‌లో మౌంట్ ఈడెన్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా దాని లెక్కలో నడిసముద్రంలో ఉన్నట్టే. ఈత వచ్చా అని అడగదు, అది దాని మర్యాద.

ఇల్లు బొమ్మ ఉన్న బటను నొక్కితే పాత యజమాని ఇంటికి దారి వెతకడం మొదలుపెట్టొచ్చు. ఆయన సైతామాలో ఉంటాడో సెందాయ్‌లో ఉంటాడో, అమ్మేటప్పుడు తన చిరునామా తుడిచిపెట్టడం మరిచిపోయిన పెద్దమనిషి. ఆయన పరువు కోసమైనా దాన్ని తీసేయండి.

ఫోన్ నంబరు కొడితే చోటు చూపించే సదుపాయం జపాన్ యూనిట్ల ప్రత్యేకత. ఆక్లండ్‌లోనే శాండ్రింగ్‌హామ్‌లో దోసెల హోటల్‌కు వెళ్లాలనుకోండి. ఆక్లండ్ కోడ్ 09. హోటల్ నంబరు 6తో మొదలైతే ఇక చెప్పేదేముంది, 096 అంటే జపాన్‌లో కుమామొతో నగరం. అయితే ఆక్లండ్ నంబర్లలో తొమ్మిది అంకెలే, కుమామొతో నంబర్లలో పది. యంత్రం ఆ పదో అంకె కోసం ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. మీకు తోచిన అంకె వేసి చూడండి. దోసె దొరక్కపోయినా ఏ నూడుల్స్ కొట్టో తగలకపోదు.

5. రేడియో
జపాన్‌లో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకా, కొత్త యూనిట్లలో 95 దాకా. న్యూజీలాండ్‌లో 88 నుంచి 108 దాకా. ఉమ్మడిగా మిగిలిన ఆ ముక్కలో ఏది వస్తే అదే మీ అభిరుచి అనుకోండి. తృప్తి లేనివాళ్ల కోసం బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బా అమ్ముతారు. ఏరియల్ తీగకూ రేడియోకూ మధ్య దాన్ని బిగించాలి. డాష్‌బోర్డు ప్లాస్టిక్ పలక పట్టుకుని గుంజండి. క్లిప్పులు ఒక్కొక్కటే టప్పున ఊడతాయి, ఆఖరిది మాత్రం టప్పున విరుగుతుంది. ఆ తర్వాత బండి నడిచినంత కాలం గుంతల్లో కిచకిచలు ఉచితం.

ఆ డబ్బా స్టేషన్లన్నిటినీ కిందికి దింపుతుంది. 16 మెగాహెర్ట్జ్ దింపేదైతే, ఆక్లండ్‌లో 101.4 మీద వచ్చే ఆర్ఎన్‌జెడ్ నేషనల్ స్టేషన్ మీ తెర మీద 85.4 దగ్గర దొరుకుతుంది. పిల్లలకు తీసివేతలు నేర్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఇంత శ్రమా అయ్యాక తెలిసేదేమిటంటే, ఏఎం రేడియో రెండు దేశాల్లోనూ తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ మెట్లలోనే నడుస్తుంది. బటను నొక్కుకుంటూ 1386 దాకా వెళ్తే ఏ డబ్బా లేకుండానే రేడియో తరానా హిందీ పాటలు పలుకుతుంది. ఇది ముందే చెబితే మీరు డాష్‌బోర్డు విప్పేవారు కాదు.

6. గడియారం
గడియారం ఉపగ్రహాలను చూసి టైము దిద్దుకుంటుంది, కానీ జపాన్ టైముకే. మీరు చేత్తో మార్చినా మళ్లీ తన దారికే వస్తుంది. చలికాలంలో మూడు గంటలు, సెప్టెంబరు ఆఖరి ఆదివారం నుంచి నాలుగు గంటలు కలుపుకోండి. హైదరాబాద్‌లో అమ్మకు ఫోన్ చేయాలంటే మూడున్నర తీసేయండి. ఆ రకంగా ఒక్క గడియారంలో మూడు దేశాలు, అన్నీ తప్పే.

తారీఖు సంగతి ఇంకా గొప్పది. జీపీఎస్ సంకేతంలో వారాల లెక్క 1024 కాగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చివరిసారి 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. ఆ మలుపు పట్టుకోలేని పాత యూనిట్లు మిమ్మల్ని పందొమ్మిదిన్నరేళ్లు వెనక్కి తీసుకెళ్తాయి. తిరిగొచ్చే దారి ఎలాగూ చూపించవు.

7. ఆవిడతో సర్దుకుపోండి
తాళం తిప్పిన ప్రతిసారీ ఒకావిడ జపనీస్‌లో ఎంతో వినయంగా ఏదో చెబుతుంది. స్వాగతం అనుకుని మురిసిపోకండి. టోల్ కార్డు పెట్టలేదని గుర్తుచేస్తోంది. ఆక్లండ్ ఉత్తరాన ఉన్న టోల్ రోడ్డులో కెమెరాలే నంబర్ ప్లేటు చదువుకుంటాయి. కార్డు పెట్టినా దాన్ని చూసేవాడు లేడు. ఆ కార్డు పెట్టే పరికరం తీగ పీకించేస్తే ఆవిడ నోరు మూతపడుతుంది. అప్పుడు మీకే బోసిగా ఉంటుంది.

8. బ్యాటరీ
అన్నీ పోగా మిగిలేది రివర్స్ కెమెరా. దానికి పటం అక్కర్లేదు, భాష అక్కర్లేదు, టైము అక్కర్లేదు. వెనకాల ఉన్న గోడ ఏ దేశంలోనైనా గోడే. ఏ ఎండకా గొడుగు పట్టడం చేతకాని ఈ యంత్రంలో ఇదొక్కటే లోకజ్ఞానం. అదీ పోవాలనుకుంటే, మెకానిక్కు బ్యాటరీ మార్చేటప్పుడు ఏమీ చెప్పకండి. కరెంటు తెగి మళ్లీ రాగానే కొన్ని యూనిట్లు దొంగల చేతిలో పడ్డామనుకుని తాళం వేసుకుంటాయి. ఆ తాళం తెరిచే నంబరు డబ్బులకు అమ్మేవాళ్లున్నారు. వాళ్లూ బతకాలి.

9. అమ్మకం
ఇక మిగిలింది బండి అమ్మడమే. ప్రకటనలో ‘నావిగేషన్ ఉంది’ అని ధైర్యంగా రాయండి. మ్యాప్ సరిగ్గా పనిచేస్తుందా అని కొనేవాడు అడిగితే అబద్ధం ఆడాల్సిన పనే లేదు. హొక్కైదో నుంచి ఒకినావా దాకా ఎక్కడికి వెళ్లినా దారి తప్పనివ్వదని చెప్పండి.