కారింది నేను కాదు

గోడలోంచి జానెడు బయటికి వచ్చి కిందికి వంగిన ఇత్తడి మూతిని నేను. నెత్తిన ఒక బటను ఉంటుంది. ప్లంబర్లు నన్ను బటన్ స్పౌట్ అంటారు. గదిలో దిగినవాళ్లకు మాత్రం నాకొక పేరుందనే తెలియదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో నా జాతివాళ్లు స్నానపు తొట్టెల మీద ఉంటారు. నాకు దక్కింది భద్రాచలంలో ఒక లాడ్జి, పై అంతస్తు గది, కింద ఒక ప్లాస్టిక్ బకెట్టు.

రాగి, జింకు కలిపి పోత పోశారు. పైన నికెల్, దాని మీద క్రోమియం పూశారు. నా పుట్టుక గురించి అంతకు మించి చెప్పుకోవలసింది లేదు, చెప్పుకోవలసింది నా పని గురించే. కుళాయి తిప్పితే నీళ్లు నా నోట్లోంచి బకెట్టులో పడతాయి. బటను పైకి లాగితే లోపల చిన్న తలుపు లేచి నా నోరు మూస్తుంది. అప్పుడు నీళ్లు వేరే దారి లేక షవరు గొట్టంలోకి ఎక్కుతాయి. ఆ తలుపును పైన నిలబెట్టేది నీటి ఒత్తిడే. కుళాయి కట్టగానే ఒత్తిడి పోతుంది, బటను తనంతట తానే దిగుతుంది.

ముక్కోటి ఏకాదశి నాడు ఉత్తర ద్వార దర్శనం కోసం తెల్లవారకముందే గదిలో దీపం వెలిగేది. ముసలివాళ్లు, పసిపిల్లలు, చలికి వణుకుతూ ఒకరి తరువాత ఒకరు స్నానానికి వచ్చేవాళ్లు. శ్రీరామనవమి కల్యాణానికి మిథిలా స్టేడియం నిండిన రోజున మా లాడ్జి అంతకంటే ముందే నిండేది. రాముడి పెళ్లికి వెళ్లే మనిషి మొదట తడిసేది నా నీళ్లలోనే గదా! 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు పొంగి వంతెన మీద రాకపోకలు ఆపేసినప్పుడు, ఇళ్లకు వెళ్లలేక చిక్కుకుపోయిన కుటుంబానికి కూడా నేనే నీళ్లిచ్చాను. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే. ఊరి చుట్టూ అంత నీరు ఉండగా, ఆ కుటుంబంలోని తల్లి బిడ్డ ఒంటికి కావలసిన నాలుగు చెంబుల కోసం నా వైపు చూసింది. ఆ చూపు నేను మరువలేదు.

నా కోపమంతా బటను మీద పడే చేతుల మీదే. నీరు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు నాకు సరిగ్గా నెత్తి మీదే ఉంది, ఇక ఒత్తిడి ఎక్కడిది? బటను నిలవక పడిపోయేది. పడిపోయిన కొద్దీ ఇంకా గట్టిగా గుంజేవాళ్లు. లోపలి కడ్డీ వంగింది. బోరు నీళ్లలోని సున్నం తలుపు అంచున గట్టిపడింది. రబ్బరు వాషరు పెళుసెక్కింది. అప్పుడు నేను నిజంగానే కారాను. షవరు పోస్తుండగా సగం నీళ్లు నా నోట్లోంచే జారిపోయేవి. అది నా లోపమే, ఒప్పుకుంటాను.

గదులు ఊడ్చే కోయ అమ్మాయి ఆ నీళ్లు పోనిచ్చేది కాదు. బకెట్టు పట్టి, వాటితోనే వరండా కడిగేది. ఎండాకాలం వాళ్ల గూడెంలో వాగు ఇసుకలో చెలమ తోడి, నీరు ఊరేదాకా కూర్చుని, చిప్పతో బిందె నింపుకునేవాళ్లట. ఆమె చెయ్యి తాకినప్పుడల్లా నాకు నా నోరు గట్టిగా మూసుకోవాలనిపించేది.

ఆ రోజుల్లో ఒక పెద్దాయన వచ్చాడు. ప్లంబర్లలో అటువంటివాళ్లు తక్కువ. నా క్రోమియం గీసుకుపోకుండా గుడ్డ చుట్టి పానా పెట్టాడు. బటను విప్పి, కడ్డీ సరిచేసి, లోపలి ముక్కలను చింతపండు నీళ్లలో నానబెట్టాడు. సున్నం కరిగి ఇత్తడి మెరిసింది. కొత్త వాషరు వేసి, గోడలోని అరంగుళం మరకు టెఫ్లాన్ టేపు చుట్టి, మళ్లీ బిగించాడు. ఆ తరువాత షవరు పోస్తుంటే నా నోట ఒక్క చుక్క రాలేదు.

కొన్నాళ్లకు వేరే బాధ మొదలైంది. కుళాయి కట్టేసినా నా అంచు నుంచి బొట్లు రాలేవి. సెకనుకొక బొట్టు కారితే రోజుకు పెద్ద బకెట్టు నీళ్లు పోతాయి. కానీ అది నా తప్పు కాదు. కుళాయి కట్టాక నా దాకా నీరు రాకూడదు. వచ్చిందంటే కుళాయి లోపలి స్పిండిల్ అడుగు వాషరు తెగిందని అర్థం. షవరు పోసేటప్పుడు కారితే నన్ను విప్పాలి, కట్టేశాక కారితే కుళాయిని విప్పాలి. ఈ తేడా చూడడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదు.

ఈసారి వచ్చిన కుర్రవాడు గుడ్డ చుట్టలేదు. పైపు పానా పళ్లు నా మెడలో దిగాయి. నన్ను పీకి నేల మీద పడేసి, కొత్తదాన్ని బిగించి, కుళాయి కట్టాడు. బొట్లు ఆగలేదు.

"అన్నా, కారేది మూతి కాదు, కుళాయి. నేను రోజూ చూస్తున్నా గదా," అంది ఆ అమ్మాయి.

అప్పుడు గానీ అతను స్పిండిల్ విప్పలేదు. వాషరు రెండు ముక్కలై బయటపడింది. కొత్తది వేయగానే కారడం ఆగింది. నన్ను తిరిగి పెట్టమని ఎవరూ అనలేదు. ఇత్తడి తూకానికి పోతుంది గనక మేనేజరు నన్ను పాత సామాన్ల గోనెలో వేయించాడు. తప్పు చేసిన కుళాయి కొత్త వాషరుతో గోడ మీదే ఉంది.