ఎవరికీ అక్కరలేని ప్రోగ్రాములు

నా పేరు సీస్మిత్. సీ భాషలో ప్రోగ్రాములు రాయడం నా పని. జీతాల లెక్కలకో, రైలు టికెట్లకో అవి పనికిరావు. వాటిని చదవాల్సింది, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒక్కటే. షుయెజున్ యాంగ్, యాంగ్ చెన్, ఎరిక్ ఐడీ, జాన్ రెగీర్ అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో నన్ను తీర్చిదిద్దారు. నాకు మూలం రాండ్‌ప్రాగ్ అనే చిన్న ప్రోగ్రాం. నా వంశం ఇంకా పాతది. కోడ్ వాక్యనిర్మాణాన్ని విడదీసి చూసే పార్సర్లను పరీక్షించడానికి, వ్యాకరణంలోని ప్రతి నియమం ఒక్కసారైనా వాడుకలోకి వచ్చేలా వాక్యాలు పుట్టించే పద్ధతిని పర్డమ్ 1972లోనే చెప్పారు.

వ్యాకరణం నుంచి వాక్యం తీయడం కష్టం కాదు. స్టేట్‌మెంట్ రావాల్సిన చోట ఇఫ్, ఫర్, అసైన్‌మెంట్‌లలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా తీసుకుంటాను. అందులో ఎక్స్‌ప్రెషన్ కావాల్సి వస్తే మళ్లీ ఎంపిక. ఎక్కడో ఒకచోట ఆగాలి కనుక లోతుకు హద్దు పెట్టారు. అసలు కష్టం వేరే ఉంది. సీ ప్రమాణం కొన్నిచోట్ల ఫలితం ఏమిటో చెప్పకుండా వదిలేసింది. సైన్డ్ పూర్ణాంకం హద్దు దాటడం, సున్నాతో భాగించడం, చెల్లని పాయింటర్ వాడటం... 1999 ప్రమాణంలో ఇలాంటివి 191. వాటిలో ఒక్కటి నా ప్రోగ్రాంలో దొర్లినా కంపైలర్ ఏ జవాబిచ్చినా తప్పు కాదు, దాన్ని నిలదీసే హక్కు నాకుండదు. అందుకే ప్రమాదమున్న ప్రతి లెక్కకూ ఒక రక్షణ ఫంక్షన్ తొడుగుతాను. ఏ పాయింటర్ ఎటు చూస్తోందో రాస్తూనే గమనించుకుంటాను. ఎంచుకున్నది చెల్లదని తేలితే వదిలేసి మరొకటి వెతుకుతాను. నా శ్రమంతా ఇక్కడే. నా గర్వమూ ఇదే.

సరైన జవాబు నాకూ తెలియదు. గ్లోబల్ వేరియబుళ్ల విలువలు కలిపి చివర ఒక చెక్‌సమ్ మాత్రం ముద్రింపజేస్తాను. ఒకే నగను నలుగురు కంసాలుల దగ్గర తూకం వేయించినట్టు, అదే ప్రోగ్రాంను వేర్వేరు కంపైలర్లకు, వేర్వేరు ఆప్టిమైజేషన్ స్థాయిల్లో ఇస్తారు. ఒక అంకె తేడా వచ్చిందంటే ఎవరో తప్పు చేసినట్టే.

ఆ తప్పులు ఎంత దగ్గర్లో ఉంటాయో చూడండి. ఒక సైన్డ్ క్యారెక్టర్‌లో 1, ఒక అన్‌సైన్డ్ క్యారెక్టర్‌లో 255. మొదటిది పెద్దదా? ఒక లైనక్స్ పంపిణీతో వచ్చిన కంపైలర్ అన్ని ఆప్టిమైజేషన్ స్థాయిల్లోనూ అవునంది! కంపైలర్ కుప్పకూలితే ప్రోగ్రామర్‌కు కనీసం తెలుస్తుంది. ఇలా చప్పుడు లేకుండా తప్పు కోడ్ పుట్టిస్తే, అతను తన ప్రోగ్రాంలోనే దోషం వెతుక్కుంటూ రాత్రుళ్లు గడుపుతాడు. నేను పుట్టింది అతని కోసం.

2011లో నా గురించి వ్యాసం వెలువడేనాటికి, మూడేళ్లలో 325కి పైగా దోషాలు కంపైలర్ రచయితలకు చేరాయి. పరీక్షించిన ప్రతి కంపైలరూ చెల్లుబాటయ్యే ప్రోగ్రాం మీదే తడబడింది. జేవియర్ లెరోయ్ బృందం గణిత నిరూపణతో కట్టిన కాంప్‌సర్ట్ అనే కంపైలర్‌లో కూడా నిరూపణ చేరని భాగాల్లో దోషాలు దొరికాయి. నిరూపించిన మధ్యభాగంలో మాత్రం, ఆరు సీపీయూ-సంవత్సరాలు వెతికినా తప్పు కోడ్ ఒక్కటీ దొరకలేదు. ఆ నిరూపణ ఎంత గట్టిదో చెప్పగల సాక్షిని నేను.

ఎక్కువ దోషాలు పట్టిన నా ప్రోగ్రాములు సగటున 81 కేబీ. అంత పొడవు మనిషి చదవలేడు. 2012లో వచ్చిన సీ-రెడ్యూస్ అనే సాధనం వాటిని కొన్ని వరుసలకు కుదిస్తుంది. దోషం సరిదిద్దాక ఆ వరుసలను కంపైలర్ సొంత పరీక్షల్లో చేర్చుకుంటారు. కొత్త వెర్షన్ విడుదలయ్యే ముందు అవి మళ్లీ నడుస్తాయి.