ఏరు దాటిన పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: నరసరావుపేటలో ఒకానొక కాలేజీ వారు పిల్లల్ని విజ్ఞానయాత్రకు తీసుకుపోదలచి, సింగపూర్ అనుకొని ఖర్చు చూసుకున్నారు. శ్రీలంక అనుకొని మళ్లీ చూసుకున్నారు. చివరకు నాగార్జునసాగర్ దగ్గర తేలారు. 'విదేశీ విజ్ఞానయాత్ర' అని నోటీసు అప్పటికే అంటించేశారు గనుక, మాట పోకుండా కృష్ణకు ఆవలి ఒడ్డును కూడా కలిపారు. ఆనాటి హాజరుపట్టీ వెనక తెలుగు మాస్టారు గీకిన ఆటవెలది ఇది. ఆ మాస్టారు నేనే. టీకా కూడా నేనే రాసుకోవలసి రావడం కాలమహిమ.

ఐదు గంటలకును అయ్యవారొచ్చిరి
బస్సు వచ్చె నేడు పావు కాగ
ఏరు దాటినంత నింకొక దేశమే
పొట్లమందు మిగిలె పులుసుకూడు

ప్రతిపదార్థం: ఐదు గంటలకును = తెల్లవారి 5 గంటలకు. చివరి 'ను' పాదపూరణం. అయ్యవారొచ్చిరి = పంతులుగారు వచ్చినారు. బహువచనం గౌరవార్థమే, వచ్చినది ఒక్కడే. చలిలో ఆ ఒక్కడు రెండు టీలు తాగెనని అధ్యాహారం చేసుకోవాలి.

బస్సు వచ్చె నేడు పావు కాగ = ఇక్కడ శ్లేష ఉంది. 'వచ్చెను, ఏడు' అని విడదీస్తే బస్సు ఏడుంపావుకు వచ్చిందని అర్థం. 'వచ్చె, నేడు' అని విడదీస్తే అసలు ఈరోజే రావడం విశేషమని అర్థం. రెండోదే కవి హృదయమని కొందరు. డ్రైవరు మాత్రం మొదటిదానికే ఒప్పుకున్నాడు. ఇంకో రహస్యం: 'బస్సు'కు 'పావు'తో యతి. బస్సు ఏడు కొట్టగానే వచ్చి ఉంటే పావు ఉండేది కాదు, యతి చెడేది. కాబట్టి ఆలస్యం ఛందస్సు కోసం జరిగినదని గ్రహించాలి.

ఏరు = కృష్ణ. అంత నదిని ఏరు అనవచ్చునా అని శంక. నాగులేరు, చంద్రవంక చూసి పెరిగిన కళ్లకు పారేదంతా ఏరే అని సమాధానం. ఆ చంద్రవంకే ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల కిందికి దూకుతుంది. అక్కడ మావాళ్లు పావుగంట జలపాతాన్నీ గంటసేపు మొసళ్లనూ చూశారు. మొసళ్లు కదలలేదు. అది పద్యంలో లేదు గనుక వదిలేద్దాం.

ఇంకొక దేశమే = వేరే దేశమే గదా. ఇది అతిశయోక్తి అన్నవారున్నారు. చింత్యము. మన పల్నాట్లో గురజాల నుంచి మాచర్లకు పోవడమే పరదేశయానం అయిన కాలం ఉంది. అక్కడ నలగామరాజు, ఇక్కడ మలిదేవరాజు. కోడిపందెం ఓడినందుకు మాచర్లవారు ఏడేళ్లు ఊరొదిలి పోవలసి వచ్చిందని వీరగాథ చెబుతుంది. ఇక 2014 జూన్ 2 తరువాత ఆవలి ఒడ్డు తెలంగాణ. 2023 నవంబరు చివర సాగర్ డ్యాం 26 గేట్లలో 13వ దాని దగ్గర కంచె పడినప్పుడు, 'దేశమే' అనే మాటకు పోలీసులే టీకా రాశారు.

అయినా మేము దిగువ వంతెన దాటుతున్నప్పుడు ఒక్క సెల్లూ రోమింగు అనలేదు. రెండు రాష్ట్రాలకూ టెలికాం సర్కిలు ఇంకా ఒకటే. బస్సు నంబర్లు ఏపీ పోయి టీజీ వచ్చాయి, పర్మిటు కాగితం అడిగారు. 'ఫారిన్ ఇంతేనా సార్' అని వెనక సీటు నిట్టూర్చింది. అక్కడి బుద్ధవనం 274 ఎకరాలు. అందులో మహాస్తూపం మన అమరావతి స్తూపం పోలికలో కట్టినది. ఏరు దాటి పోయి మన ఊరి స్తూపాన్నే చూసి వచ్చామన్నమాట. పుట్టింటి ఫొటో అత్తింటి గోడ మీద కనబడినట్టుంది.

విశేషాలు: అసలు విదేశం పొద్దున్నే చూసేశాం, మావాళ్లకు తెలియలేదు. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయేటప్పుడు అందరూ సెల్ఫీల్లో ఉన్నారు. ఆ నీటి అడుగునే మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955లో డ్యాంకు శంకుస్థాపన జరగడానికి ముందే, 1954లో తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా దొరికినంత పైకి తీసి, లోయ మునిగాక కొండ నెత్తిన మ్యూజియంలో పెట్టారు. కొన్నిటిని అనుపులో మళ్లీ పేర్చారు. మేము లాంచీలో పోయింది ఆ వీధుల మీదుగానే, వాళ్ల విహారాల మీదుగానే.

ఆ లోయలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం దొరికింది. తంబపణ్ణి, అంటే సింహళ ద్వీపపు థేరుల కోసం చైత్యగృహం కట్టించానంటుంది. వాళ్లు ధర్మం నేర్పిన దేశాలు వరసగా చెబుతుంది: కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ... సింహళ విహారమని మరొకటి కూడా అక్కడే ఉండేది. ఖర్చు చూసి మేము మానుకున్న శ్రీలంక వాళ్లు పదిహేడు వందల ఏళ్ల కిందట మా మాచర్ల పక్కకు వచ్చి దిగారు. ఇది చెబితే ఒక పిల్ల అడిగింది: 'మరి వాళ్లకి వీసా ఎవరిచ్చారు సార్?' దానికి ఏ టీకాలోనూ జవాబు లేదు.

పులుసుకూడు = పులిహోర. మిగిలె = ఆవలి ఒడ్డున నూడుల్స్ బండి కనబడుటచేత మిగిలినది. పల్నాట్లో తిండి నచ్చకపోవడం కొత్త కాదు. శ్రీనాథుడి పేర తిరిగే చాటువుల్లో జొన్నకూటి మీద విసుగు చాలానే ఉంది. అయితే ఆయన విసుక్కుంటూనే పల్నాటి వీరచరిత్ర రాసి పోయాడు. మావాళ్లు విసుక్కున్నారు, యాత్రా నివేదిక మాత్రం రాయలేదు.

అలంకారం: స్వభావోక్తి.

తాత్పర్యం: పంతులు ముందుగా, బస్సు వెనకగా వచ్చినవి, ఏరు దాటితిమి, పులిహోర మిగిలెను.

పాఠాంతరం: 'పొట్లమందు' అన్నచోట 'బాకి పడెను' అని ఆఫీసు గుమాస్తా దిద్దుబాటు. యతి కుదరదు, లెక్క కుదురుతుంది. బోధిసిరి తను కట్టించినవన్నీ పేరు పేరునా శాసనం మీద చెక్కించింది. నాకంత రాయి లేదు గనుక ఇక్కడే మనవి: పొట్లానికి 40 రూపాయల చొప్పున ఇంకా ఇవ్వవలసిన ఆరుగురు సోమవారం లోపు స్టాఫ్ రూములో ఇవ్వగలరు. నివేదిక కూడా అప్పుడే.