మూడింటికి డ్యూటీ దిగే సూర్యుడు

గల్ఫ్ ఎండ పొడి ఎండనీ, ఒంటికి పట్టదనీ వీసాలు అమ్మే ఏజెంట్లు, ఏసీ కారు దిగకుండా తిరిగొచ్చిన యాత్రికులు ఒక్క గొంతుతో చెబుతారు. సహారా నడిమధ్యన ఈ మాట కొంత చెల్లుతుంది. దుబాయ్, దోహా, దమ్మామ్ మాత్రం సముద్రం ఒడ్డున ఉన్నాయి. ఆ సముద్రానికి లోతు తక్కువ. వేసవిలో నీళ్లే 35 డిగ్రీల దాకా కాగుతాయి. లేచిన ఆవిరి తీరాన్ని కమ్ముకుంటుంది. 2003 జులై 8న సౌదీలోని దహ్రాన్‌లో ఎండ 42 డిగ్రీలే. తేమను కలిపి లెక్కేస్తే ఒంటికి తగిలింది దాదాపు 80. పొడి ఎండ మహిమ అది.

చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. గాలి ముందే తడిసి ఉంటే అది ఆరదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 చూపే చోట, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడికైనా కొన్ని గంటల్లో ప్రాణాపాయమని 2010లో శాస్త్రవేత్తలు షెర్వుడ్, హ్యూబర్ తేల్చారు. తర్వాత అమెరికాలో యువకులను పరీక్షించి చూస్తే ఆ హద్దు 31 దగ్గరే కనిపించింది. వాళ్లేమీ ఇనుప చువ్వలు మోయలేదు, తేలికపాటి పనే చేశారు.

ఎమిరేట్స్‌లో దీనికి మందు గడియారం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఆరుబయట పని నిషేధం. మూడు కొట్టగానే సూర్యుడు డ్యూటీ దిగుతాడని కాబోలు! తేమకు ఆ ఉత్తర్వు అందినట్టు లేదు. సముద్రపు గాలి తిరిగాక, పొద్దు వాలాక ఉక్క ఇంకా బిగుస్తుంది. కతార్ 2021లో కాస్త తెలివి చూపింది. నిషేధాన్ని ఉదయం 10 నుంచి 3:30 దాకా పెంచి, వేడినీ తేమనూ కలిపి కొలిచే సూచీ 32.1 దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలంది. సైటులో ఆ మీటరు పట్టుకునేది కూలీ కాదన్నది చిన్న విషయం.

వేడి అరుదుగా మాత్రమే అడుగు పెట్టే చోటు మరణ ధ్రువపత్రం. గల్ఫ్ నుంచి నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు చేరే కూలీల శవపేటికల వెంట వచ్చే కాగితంలో తరచుగా ‘సహజ మరణం’ అనో ‘గుండె ఆగింది’ అనో ఉంటుంది. ఎందుకు ఆగిందో తెలియాలంటే శవపరీక్ష చేయాలి, చాలాసార్లు చేయరు. సహజ మరణమైతే యజమాని పరిహారం కట్టనక్కర్లేదు.