బ్రీజర్ బావ

జగిత్యాల దిక్కు ఏ దావత్‌కు పోయినా ఒక బావ ఉంటడు. ఇస్త్రీ అంగీ, జేబుల పెన్ను. అందరూ చాపల మీద కూసుంటే ఈయన ప్లాస్టిక్ కుర్చీ అడుగుతడు. గ్లాసులు పంచుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "నేను మందు ముట్టనని తెల్వదా? నాకొక బ్రీజర్ తెప్పియ్యిన్రి, సాలు" అంటడు. ఆయన లెక్కల బ్రీజర్ మందు కాదు, జూసు.

ఆ జూసు సంగతి జరంత చూద్దాం. సీసా 275 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ 4.8 శాతమని దాని మీదనే అచ్చేసి ఉంటది. లెక్క కడితే సీసాకు 13 మిల్లీలీటర్ల చిల్లర. పక్కన బామ్మర్ది తాగే 30 ఎంఎల్ విస్కీ పెగ్గుల కూడ దాదాపు గంతే ఉంటది. నాలుగు బ్రీజర్లు ఎత్తితే ఎనిమిది శాతం ఉన్న పెద్ద సీసా స్ట్రాంగ్ బీరు తాగినట్టే. బావ నాలుగు ఎత్తుతడు. లేచేటప్పుడు గోడ పట్టుకొని "మోకాలు పట్టేసిందే" అంటడు.

ఈయన ఒక్క ఊరి మనిషి కాదు. జగిత్యాలల బడి పంతులు. పోరగాళ్ల తండ్రులు ఎవరన్న చూస్తరని భయం. సిరిసిల్లల సాంచెలు నడిపే ఆసామి. పని చేసేటోళ్లతోని కూసొని క్వార్టర్ పంచుకుంటే, రేపు కూలి రేటు మాట వచ్చినప్పుడు నోరు లేవదని ఆయన రంది. కోరుట్లల అయితే గల్ఫ్‌కెల్లి వచ్చినాయన, ఈయన కథే అన్నిట్ల మజాది. ఊరు ఈయనను పెద్ద తాగుబోతనుకుంటది. డ్యూటీ ఫ్రీల రెండు లీటర్ల దాక తెచ్చుకోనిస్తరు గద, ఆ సీసాలు దిగిన రాత్రే ఖాళీ అయితయి. తాగింది మాత్రం చిన్నాయిన కొడుకులు. ఈయన ఏండ్లకేండ్లు ఉన్నది కువైట్‌ల. అక్కడ సుక్క దొరకదు. సౌదీల కూడ మామూలోళ్లకు అంతే, ఆఖరికి దుబాయ్ పక్కనున్న షార్జాల కూడ అమ్మరు. కోరుట్లల ఈ ముచ్చట చెప్తే నమ్మేటోడు లేడు, ఎందుకంటే ఇక్కడ గల్ఫంటే అంతా దుబాయే. విస్కీ గొంతుల దిగదు, ఒప్పుకుంటే ఇజ్జత్ ఉండదు. బ్రీజర్ చూడ్డానికి ఫారిన్, తాగడానికి తీపి. బావకు ఇంకేం కావాలె?

వైన్స్ ముందట ఆయనను చూడాలె. జాలి సందులకెల్లి నోట్లు పట్టిన చేతులు పొయ్యేవి పోతుంటయి, సీసాలతోని వచ్చేవి వస్తుంటయి. బావ ఎడంగ నిలబడి, రద్దీ తగ్గేదాక ఫోన్ చూస్తడు. రద్దీ తగ్గదు. ఆఖరికి దూరి, గొంతు తగ్గించి అడుగుతడు.

"తమ్మీ, బ్రీజర్ ఉన్నదా? ఆరెంజ్‌ది."

"అది లేదే. ఎర్రదున్నది."

ఎర్రదంటే క్రాన్‌బెర్రీ. మామిడికాయకు పేరుపడ్డ జిల్లాల పుట్టి పెరిగిన మనిషి, ఆ పండును చెట్టుకూ చూడలే, అంగట్లనూ చూడలే. "అదే రెండియ్యి" అంటడు. పోరడు లోపలికి తిరిగి ఒక్కటే కేక: "అరేయ్, ఆడోళ్లవి రెండు తియ్!"

వరుసంతా ఈయన దిక్కే చూస్తది. బావ సీసాలు సంచిల ఏసుకుంట, అందరికీ ఇనబడేటట్టు, "ఇంట్లకే, ఇంట్లకే" అంటడు. షాపాయనకు కూడ ఈయన మీద మర్యాదేం ఉండదు. 2025ల వైన్స్ కోసం దరఖాస్తు ఫీజే మూడు లక్షలు, లాటరీల పేరు రాకుంటే అవి వాపస్ కూడ ఇయ్యరు. అంత పెట్టి కూసున్నాయన ఫుల్ బాటిల్ అడిగేటోన్ని చూసి నవ్వుతడు గని, రంగు అడిగేటోన్ని చూసి ఎందుకు నవ్వుతడు?

'ఆడోళ్లవి' అన్న పోరన్ని ఒకసారి మా అత్తల ముందట నిలబెట్టాలె. మా దిక్కు పెద్ద వయసు ఆడామె కల్లు అందరి నడుమ కూసొనే తాగుతది, దాపరికం లేదు. ఈతకల్లు లొట్టి పక్కన గుడాలు నములుకుంట ఉన్న అత్త, అల్లుని సీసా గుంజుకొని ఒక్క గుక్క తాగి, మొఖం అదోతీరు పెడతది. "దగ్గుమందు తీర్గున్నది కొడుకా. పానం మంచిగ లేదా?" పొద్దుగాల దింపినప్పుడు తియ్యగుండి ఎండెక్కినకొద్ది పులిసే ఆ కల్లుల కూడ ఆల్కహాల్ సుమారు నాలుగైదు శాతమే. కంపెనీ సీసాల అల్లుడు కొనుక్కునేది, గౌండ్లాయన దగ్గర అత్త తాగేది బలంల సమానమే. రుచి మాటకొస్తే నేను అత్త దిక్కే. కాకుంటే కల్లుల అల్ప్రాజోలం కలిపి జనాన్ని దవాఖాన పాలు చేసేటోళ్లున్న కాలంల, మూత బిగించిన సీసాను నమ్ముకున్నోన్ని తప్పు పట్టను.

ఎన్ని నవ్వులు నవ్వినా బామ్మర్దులు బావ అడిగింది తెచ్చిపెట్టవలసిందే. నల్లిబొక్క కాడ అలిగి అత్తగారింటి గడప తొక్కని అల్లుని కథను సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023ల 'బలగం'గ తీస్తే థియేటర్లకు థియేటర్లు ఏడ్చినయి. బొక్కకే అంత అయితే, బ్రీజర్‌కు ఎంత గావాలె!

2025ల దసరా సరిగ్గ అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే పడ్డది. వైన్స్‌కు తాళం. అందరూ ముందురోజే తెచ్చిపెట్టుకున్నరు గని, ముందురోజు తెచ్చింది ముందురోజే ఒడిసింది. మాపటికి పొయ్యి మీద మటన్ ఉడుకుతున్నది, బామ్మర్దుల గ్లాసులు బోర్ల పడి ఉన్నయి. జమ్మి చేతుల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునేటప్పుడు పెద్ద బామ్మర్ది బావను జర ఎక్కువసేపే పట్టుకున్నడు.

"బావా, ఫ్రిజ్‌ల నీ ఎర్ర సీసాలున్నయట గదనే?"

"ఉన్నయి. అయితే?"

"జూసే గద, తలా ఒకటి తాగుతం."

బావ వచ్చి ఫ్రిజ్‌కు అడ్డం నిలబడ్డడు. "ఇయ్యాల గాంధీ జయంతి బామ్మర్దీ. అది మందు. అసలే ముట్టద్దు."

బామ్మర్ది ఓపెనర్ కూడ అడగలే. పండ్లతోనే మూత తీసిండు.