ఒళ్ళంతా కొవ్వు, లోపల కరువు

నన్ను ఓబీ ఎలుక అంటారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ ఊళ్ళోని జాక్సన్ లేబొరేటరీ మా పుట్టిల్లు. 1949లో అక్కడి బోనుల్లో మావాళ్ళు తొలిసారి కంటపడ్డారు. తోటి ఎలుకలకు మూడింతల బరువు పెరుగుతాం. తిండితొట్టి దగ్గరే మా కాపురం.

తిండిపోతులని తేలిగ్గా అనేశారు గానీ, మా ఆకలి నిజమైన ఆకలే. ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో మెదడుకు కబురు పెట్టే హార్మోను లెప్టిన్. దాన్ని తయారుచేసేది కొవ్వు కణాలే. మాకు దాని జన్యువు చెడింది. కబురు రాకపోయేసరికి, ఇంత కొవ్వు పెట్టుకుని కూడా మా మెదడు కరువొచ్చిందనే అనుకుంటుంది. ఖర్చులన్నిటికీ కోత పెడుతుంది. ఒంటి వేడి తగ్గిస్తుంది. చలిగదిలో పెడితే ప్రాణాలు నిలవవు. పిల్లలు పుట్టరు. రోగాలతో పోరాడే టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కూడా కుంచించుకుపోతుంది.

ఈ కబురు రక్తంలోనే నడుస్తుందని పసిగట్టినవాడు మా లేబొరేటరీ శాస్త్రవేత్త డగ్లస్ కోల్‌మన్. మాలాగే లావెక్కే డీబీ ఎలుక ఒకటి అక్కడే ఉండేది. మా ఇద్దరి డొక్కలూ కలిపి కుట్టేశాడు, ఒకరి రక్తం ఇంకొకరిలోకి కాస్త పారేలా. డీబీ ఎప్పట్లాగే తింటూ కూర్చుంది. మావాడు మాత్రం ఎదురుగా మేత ఉన్నా మూతి పెట్టలేదు, చిక్కి శల్యమై చచ్చిపోయాడు. డీబీ రక్తంలో ఆ హార్మోను పొంగిపొర్లుతోంది. దాన్ని అందుకునే గ్రాహకమే దానికి పాడైంది. మాకు గ్రాహకం ఉంది, హార్మోనే లేదు. ఇదంతా లెప్టిన్ దొరక్కముందే ఆయన తేల్చిన లెక్క!

1994లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును పట్టుకుంది. మరుసటేడు లెప్టిన్ సూదులు వేస్తే రెండు వారాల్లో మా బరువు 30 శాతం దిగింది. లోకమంతా సన్నబడిపోతుందనుకున్నారు, పాపం. స్థూలకాయుల్లో చాలామందికి లెప్టిన్ ముందే ఎక్కువ; వాళ్ళ మెదడు దానికి స్పందించడం తగ్గించేసింది. పైగా ఉబ్బిన కొవ్వులోకి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు చొరబడి టీఎన్ఎఫ్ లాంటి వాపు రసాయనాలు వదులుతాయి. దాంతో సన్నటి వాపు రగులుతూనే ఉంటుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది.

ఇక టీ కణాల సంగతి. 1998లో లండన్ పరిశోధకులు మామూలు ఎలుకల్ని పస్తు పెట్టి లెప్టిన్ ఎక్కిస్తే, నీరసించిన టీ కణాలు మళ్ళీ లేచాయి. ఆ మరుసటేడే ఇంగ్లండ్‌లో మా లోపంతోనే పుట్టిన తొమ్మిదేళ్ళ పాప కథ వచ్చింది. 94 కిలోలుండేది, లెప్టిన్‌తో ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఇలాంటి పిల్లల్లో టీ కణాలూ పెరిగాయని తర్వాత చూశారు. ఆ మందు మొదట గుచ్చింది మా ఒంటికే. మాకు ముట్టిన ప్రతిఫలం రోజువారీ మేత బిళ్ళలు. అవి కూడా తూకమేసి మరీ పెట్టేవారు.