రెండు బొమ్మలు

"సన్నగానే ఉన్నాను కదండీ, నాకు షుగరేమిటి?" రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే మన ఊళ్ళలో చాలామంది అనే మాట ఇది. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ జీవితంలో పెద్ద భాగం ఈ మాటకు జవాబు వెతకడంలోనే గడిచింది.

పుణెలో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో డయాబెటిస్ మీద పరిశోధన చేసి, తిరిగొచ్చి పుణెలోని కేఈఎం ఆసుపత్రిలో చేరారాయన. ఇంగ్లండు పాఠాల్లో టైప్ 2 షుగరు లావుపాటివాళ్ళ జబ్బు, అదీ వయసు మళ్ళాక వచ్చేది. పుణెలో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది ఇంకా వయసులో ఉన్నవాళ్ళు, చూడ్డానికి సన్నగా ఉన్నవాళ్ళు. ఆయన అనుమానం ఆ సన్నదనం మీదికే పోయింది.

లావా, సన్నమా అని తేల్చడానికి డాక్టర్లు వాడేది బీఎంఐ. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 25 దాటితే అధిక బరువు. ఈ లెక్కలో బరువెంతో తెలుస్తుంది గానీ, అందులో కండెంత, కొవ్వెంత అన్నది తెలియదు. ఆ కొవ్వు చర్మం కింద ఉందా, పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకుందా అన్నది అసలే తెలియదు. ఇన్సులిన్‌ను పనిచేయనివ్వకుండా ఎక్కువగా అడ్డుపడేది ఆ లోపలి కొవ్వే. పైకి కనబడదు కనుక ఎవరూ భయపడరు.

1993లో పుణె దగ్గరి ఆరు పల్లెల్లో ఆయన బృందం పెద్ద పని ఒకటి తలకెత్తుకుంది. ఆడవాళ్ళను గర్భం రాకముందు నుంచే గమనిస్తూ, ఏం తింటున్నారో, ఎంత చాకిరీ చేస్తున్నారో రాసుకుంటూ, పుట్టిన బిడ్డలను కొలవడం. పొలం పనులు చేసి, నీళ్ళు మోసే ఆ తల్లుల సగటు బరువు 42 కిలోలు. నెలలు నిండి పుట్టిన వాళ్ళ బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు.

అక్కడితో ఆగిపోయి ఉంటే "పాపం, బలహీనంగా పుట్టారు" అన్న మాటే మిగిలేది. వాళ్ళు ఆగలేదు. పసికందు వీపున, రెక్క ఎముక కిందుగా, చర్మాన్ని రెండు వేళ్ళ మధ్య మడతలా పట్టుకుని, ఆ మడతకు క్యాలిపర్ తగిలించి మందం చూశారు. తల్లి పక్కలోంచి తీసిన బిడ్డ, ఇంకా సరిగా కళ్ళు తెరవని బిడ్డ. సౌతాంప్టన్ బిడ్డలతో పోలిస్తే చేతి చుట్టుకొలత తక్కువ, పొట్ట మరీ తక్కువ. వీపు మీది మడత మాత్రం అంతగా తగ్గలేదు. అంటే కండ తగ్గింది, లోపలి అవయవాలు చిన్నవయ్యాయి, కొవ్వు మాత్రం నిలిచింది. తిండి ఎక్కువై, ఒళ్ళు వంచక కొవ్వు పడుతుందని లోకమంతా అనుకుంటుంటే, మనవాళ్ళలో ఈ కథ తల్లి కడుపులోనే మొదలవుతోందని ఆ కొలత చూపించింది. ఇంత మామూలు పనిముట్టుతో ఇంత లోతైన సంగతి బయటపెట్టిన పరిశోధన మన దేశంలో అరుదని నా నమ్మకం. కడుపు మాడ్చుకున్న తల్లికి పుట్టినవాడికే రేపు షుగరు ముప్పు ఎక్కువంటే, మనం మొదట పథ్యం చెప్పాల్సింది ఎవరికి, తిండి పెట్టాల్సింది ఎవరికి?

పల్లె బిడ్డల సంగతి పుస్తకాల్లోకి ఎక్కింది. కానీ బీఎంఐ అంకె చూసి ధీమాగా ఉండే డాక్టర్లకు, చదువుకున్నవాళ్ళకు అది తమ గురించి కూడా అని తట్టలేదు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒకే ఒక్క పేజీ వ్యాసం వచ్చింది. అందులో ఇద్దరు మగవాళ్ళ బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరి బీఎంఐ 22.3. మనవాళ్ళ కోసం హద్దును 23కి దించినా ఇద్దరూ దానికి లోపలే. ఏ బీమా కంపెనీ డాక్టరైనా ఆ అంకె చూసి ఇద్దరికీ ఢోకా లేదని సంతకం పెట్టేస్తాడు. కానీ ఇద్దరికీ ఒంట్లో కొవ్వెంతో చూపే డెక్సా స్కాన్ తీశారు. ఒకరి ఒంట్లో కొవ్వు 9.1 శాతం. రెండో ఆయన ఒంట్లో 21.2 శాతం.

9.1 శాతం ఆయన మారథాన్లు పరుగెత్తే లండన్ ప్రొఫెసర్ జాన్ యుడ్కిన్. 21.2 శాతం ఆయన, వ్యాసం రాసిన యాజ్ఞికే. రోజూ పొద్దున ఆసుపత్రిలో లిఫ్టు తలుపులు మూసుకునేలోగా అందుకోవడానికి తీసే పరుగే తనకు ముఖ్యమైన వ్యాయామమని అందులోనే చెప్పుకున్నారు. కొవ్వుకు కారణం వ్యాయామం లేకపోవడం ఒక్కటే కాకపోవచ్చని, తన గురించి మరో సంగతి కూడా చేర్చారు: తానూ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డనేనని.